గడ్డానికి కొబ్బరినూనె, తలకు డ్రై హుడ్

మాంటెరే సముద్రంలో నాకు జరిగిన పరాభవం చెబుతాను. నవ్వేదేదో ముందే నవ్వేయండి, చివరికొచ్చేసరికి నా మీద జాలి కలిగే ప్రమాదం ఉంది.

అప్పుడు సన్నీవేల్‌లో ఉద్యోగం. హెచ్-వన్ వీసా లాటరీలో పేరొస్తే ఉంటాను, లేదంటే పెట్టె సర్దుకోవాలి. ఆ భయంతో అన్నం సహించేది కాదు. ఫ్రీమాంట్‌లో ఉండే మా అక్క ఫోన్ చేసి, "ఒరేయ్, నీ వీసా కోసం వెంకన్నకి మొక్కుకున్నానురా, అది వచ్చేదాకా నువ్వు..." అంటూ ఏదో చెప్పబోయింది. నేనేమో స్కూబా డైవింగ్ వీడియోలో మునిగి ఉన్నాను. "అలాగే అక్కా, అర్థమైంది" అని పెట్టేశాను. ఆఫీసులో ఒకాయన మొక్కు పేరుతో గడ్డం పెంచుతున్నాడు. మొక్కంటే అదే కాబోలనుకుని నేనూ పెంచాను.

డైవింగ్ పిచ్చి అంటించింది నా రూమ్మేట్, వరంగల్ యాదగిరి. మాంటెరే నీళ్ళు ఎండాకాలంలోనూ ఫ్రిజ్‌లోంచి తీసినట్టుంటాయి. నాకు తల తడిస్తే చాలు, జలుబు. అందుకని డైవింగ్ సూట్లు అద్దెకిచ్చే షాపులో తలకు తొడుక్కునే హుడ్లు రెండు రకాలని తెలియగానే ప్రాణం లేచొచ్చింది. ఒకటి మందపాటిది. లోపలికి కాసిని నీళ్ళు రానిస్తుంది, అవే ఒంటి వేడికి వెచ్చబడతాయట. రెండోది డ్రై హుడ్, సూట్‌కే అతికి ఉండే పల్చటి రబ్బరు. తలకు చుక్క నీరు తగలదు.

"నాకు డ్రైదే."

"అరేయ్, దాని అంచు ముఖం చుట్టూ చర్మానికి అతుక్కోవాలె. నీ గడ్డం అడ్డమొస్తది. మందందే తీస్కో."

"తల తడిస్తే జలుబురా!"

"గడ్డం తీసెయ్ మరి."

"గడ్డం తీస్తే వీసా పోతుందిరా!"

"గట్లయితే ఇంట్ల కూసోరాదు?"

వింటానా? హుడ్ తగిలించి చూశాను. నా ఉంగరాల జుట్టు రబ్బరుకు చిక్కుకుని, బడిలో లెక్కల మాస్టారు పట్టి లాగినట్టయింది. మర్నాడే సెలూన్‌కి వెళ్ళి జుట్టంతా మిషన్‌తో కొట్టించేశాను. హుడ్ సర్రున దిగింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఇక గడ్డం. నీళ్ళకూ నూనెకూ పడదు కదా? సైన్సు! కొబ్బరినూనె దండిగా పట్టించి, దువ్వెనతో అణగదువ్వి, దాని మీద హుడ్ అంచు లాక్కుని సముద్రంలోకి దిగాను. "గీ జిడ్డేందిరా?" అని యాదగిరి అడుగుతూనే ఉన్నాడు.

మునిగీ మునగగానే గడ్డం కిందనుంచి సన్నటి చల్లటి ధార మొదలైంది. ఛాతీ, పొట్ట, నడుము... ఆ తర్వాత ఎక్కడెక్కడికి వెళ్ళిందో మర్యాదస్తుల ముందు చెప్పలేను. సూటు కాళ్ళు రెండూ నిండిపోయి, నీళ్ళ బిందెలు ఈడ్చుకుంటున్నట్టు ఒడ్డుకు చేరాను. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. యాదగిరి నా ముఖం చూసి ఇసుకలో కూలబడి నవ్వాడు.

"ఏంట్రా?"

"అరేయ్, ఒక్క మునుగుడుకే తాతవైనవ్ రా!"

కారు అద్దంలో చూసుకున్నాను. కొబ్బరినూనె పేరుకుపోయి గడ్డమంతా తెల్లగా గట్టిపడింది. చలికాలంలో మన ఇళ్ళలో నూనె సీసా ఎండలో ఎందుకు పెడతారో అప్పుడు గుర్తొచ్చింది.

"ఆగు, కత్తెర తెస్త."

"ముట్టుకోకు! వీసా!"

గడ్డం కాపాడుకుంటూ, నెత్తిన ఉన్ని టోపీతో నేరుగా అక్క ఇంటికే వెళ్ళాం. తలుపు తీసి హడలిపోయింది.

"ఇదేం వేషంరా?"

"నీ మొక్కేగా అక్కా. నీళ్ళలో చచ్చేంత పనైనా గడ్డం మీద కత్తి పడనివ్వలేదు."

"గడ్డం నిన్నెవరడిగార్రా? నీ తలనీలాలు ఇప్పిస్తానని మొక్కాను. వీసా వచ్చేదాకా జుట్టు కత్తిరించొద్దని చెప్పాను కదా!"

నేను టోపీని చెవులదాకా లాక్కున్నాను. యాదగిరి మాత్రం వినయంగా నా టోపీ తీసి, "ఇగో అక్కా, సూడు" అన్నాడు.

అక్క వారం రోజులు నాతో మాట్లాడలేదు. నాకు జలుబు కూడా చేసింది. వీసా మాత్రం వచ్చింది. వెంకన్న నాలా సగం విని ఫోన్ పెట్టేసే రకం కాదు. జుట్టు పెరిగాక కొండకెళ్ళి బాకీ తీర్చుకున్నాను.

అందుకే ఏడుకొండల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట అక్క ఫోన్ చేస్తే ఆఖరి మాటదాకా వింటాను, చన్నీళ్ళలో దిగితే మందపాటి హుడ్డే పెట్టుకుంటాను. ఈ మాట తప్పితే గుండు కొట్టించుకుంటానని కూడా అనేవాణ్ణే. కానీ దానికి ముందు అక్కనడగాలి, ఈ తల మీద ఇంకా మొక్కులేమైనా ఉన్నాయేమోనని.