చాచా అలవాటు చేసిన మొలకలు

మా ప్రయోగశాలలో అటెండర్‌ని అందరం చాచా అనేవాళ్లం. ఆయన మౌలాలి నుంచి వచ్చేవాడు. సికింద్రాబాద్ మే ఎండల్లో కూడా జేబులో మంకీ టోపీ ఉండేది, చలిగదిలోకి వెళ్లేటప్పుడు పెట్టుకోవడానికి.

మొక్కలో చలిని తట్టుకునే జన్యువులు ఊరికే మేలుకోవు. ముందు కొద్దిపాటి చలి తగలాలి. అప్పుడే గడ్డకట్టే చలిలోనూ మొక్క బతుకుతుంది. అది చూపించడానికి సగం శనగ మొలకలకు చల్లదనం అలవాటు చేశాను. మిగతా సగాన్ని నేరుగా మంచుచలిలో పెడితే చనిపోవాలి. మూడుసార్లు పెట్టినా అవి చావలేదు. నేను చల్లబరిచే యంత్రాన్ని అనుమానించాను. చివరికి చాచాయే చెప్పాడు.

"ఒక్కసారే మంచుల పెడ్తె పానం పోతది గదమ్మా. నువ్వు ఇంటికి పోయినంక రోజూ జెరసేపు ఫ్రిజ్‌ల పెట్టి అలవాటు చేసిన."

"అవి చస్తేనే నా ప్రయోగం నిలబడుతుంది చాచా!"

"చూస్త చూస్త ఎట్ల చావనిస్తమమ్మా?" అన్నాడు, నిజంగానే అర్థంకాక.

ఆరు నెలల పని మళ్లీ మొదలుపెట్టాను. వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.

రిటైరయ్యే ఏడాది చాచా వారానికో రోజు సెలవు పెట్టసాగాడు. తర్వాత రెండు రోజులు, ఆ తర్వాత మూడు. ఒంట్లో బాగాలేదా అని అడిగితే, "నాకేం తక్లీఫ్ లేదమ్మా" అనేవాడు. ఆయన రాని రోజుల్లో మొలకల ట్రేలన్నీ నేనే మోసుకునేదాన్ని.

చివరి రోజు టోపీని నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. మర్నాడు అది పెట్టుకుని చలిగదిలోకి వెళ్లాను. ఆయన లేని లోటు అనుకున్నంతగా బాధించలేదు. సాయంత్రం, అలవాటు చేయాల్సిన మొలకల్ని జెరసేపు ఫ్రిజ్‌లో పెడుతుంటే గానీ ఎందుకో తెలియలేదు.