బ్యాగు ఒద్దనుకున్నాను

ధర్మవరం నుంచి హిందూపురం పోయే బస్సులో నేను కండక్టర్ని. ఒక రోజు పెనుకొండ బస్టాండులో బాత్రూముకు వెళ్తే రక్తం పడింది. హిందూపురంలో ఒక క్లినిక్కుకు పోతే, అక్కడి డాక్టరు కుర్చీలోంచి లేవకుండానే, "పైల్స్ లేమ్మా, కారం తగ్గించు" అని ఆయింట్‌మెంటు రాశాడు. నెలల తరబడి అదే పూసుకున్నాను.

రక్తం ఆగలేదు. మా ఆయనా నేనూ బెంగళూరు పోయాం. అక్కడి లేడీ డాక్టరు గ్లవ్స్ వేసుకుని మలద్వారంలో వేలు పెట్టి చూసి, "ఇన్ని రోజులూ ఎవరూ ఇట్ల చూడలేదా?" అన్నారు. కొలనోస్కోపీ, బయాప్సీ, ఎమ్మారై అయ్యాయి. లో రెక్టల్ క్యాన్సర్, అంటే పెద్దపేగు చిట్టచివర క్యాన్సర్ అని తేలింది. గడ్డ మలద్వారానికి బాగా దగ్గర.

రేడియేషన్, కీమో అయ్యాక సర్జన్ మా ఆయననూ నన్నూ కూర్చోబెట్టి రెండు దారులు చెప్పారు. ఏపీఆర్ అనే ఆపరేషన్ చేస్తే మలద్వారం తీసి మూసేస్తారు, పొట్ట మీద మలం పడే కొలోస్టమీ బ్యాగు ఎప్పటికీ ఉంటుంది. ఐఎస్ఆర్ అనేది చేస్తే గడ్డతో పాటు మలాన్ని ఆపే లోపలి కండరం తీసి పేగును కిందికి కలుపుతారు, బ్యాగు కొన్నాళ్లే.

"మీ గడ్డకు రెండూ చేయొచ్చు. కలిపితే మాత్రం కంట్రోల్ మునుపటిలా ఉండకపోవచ్చు" అన్నారు.

నాకు బ్యాగు అన్న మాట ఒక్కటే వినబడింది. మా ఆయన అక్క అప్పటికే, "పొట్ట మీద అది పెట్టుకోని వంటింట్లోకి ఎట్లొస్తావు మే?" అనింది. పేగు కలపమన్నాను.

ఆపరేషన్ అయి, కొన్నాళ్ల బ్యాగు తీసేశాక అసలు రోత మొదలైంది. పోయొచ్చి చెయ్యి కడుక్కునేలోపే మళ్ళీ వచ్చేది. చర్మం ఒరుసుకుపోయి మండేది. డయాపర్ వేసుకుని డ్యూటీ ఎక్కాను. సోమందేపల్లి దాటాక టికెట్లు కొడుతుండగానే జారిపోయింది. ముందు సీట్లో ఒకామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఎవరబ్బా, పిల్లోనికి కడక్కుండా బస్సెక్కించింది?" అంది. బస్సులో చిన్నపిల్లలే లేరు.

పేగు కలిపాక వచ్చే ఈ తిప్పల్ని ఎల్ఏఆర్ఎస్ అంటారట. మందులు, ఎక్సర్‌సైజులతో చాలామందికి తగ్గుతుందని సర్జన్ చెప్పారు. ఏడాదికి పైగా చేశాను. నాకు తగ్గలేదు. చివరికి నేనే ఎప్పటికీ ఉండే బ్యాగు పెట్టమని అడిగాను.

"మళ్ళా కోయించుకుంటావా?" అన్నాడు మా ఆయన.

"యాడికీ పోకుండా బాత్రూములో కూసునేదానికన్నా అదే మేలు" అన్నాను.

ఇప్పుడు బ్యాగుతోనే డ్యూటీ చేస్తున్నాను. అసహ్యం పోలేదు. బ్యాగు మార్చేటప్పుడు ఇంకా మొహం పక్కకు తిప్పుకుంటాను. కానీ బస్సు ఎక్కితే దిగే ఊరిదాకా నిశ్చింతగా నిలబడగలను.

నాకు జరిగినట్లే అందరికీ జరగదు. అయినా సర్జన్‌ను "బ్యాగు ఉంటుందా?" అని మాత్రమే అడిగి ఊరుకోకండి. "ఏ ఆపరేషన్ అయితే నేను రోజుకు ఎన్నిసార్లు బాత్రూముకు పరుగెత్తాలి, నా పని నేను చేసుకోగలనా?" అని అడగండి. జవాబు పూర్తిగా విన్నాకే సంతకం పెట్టండి.