గడ్డలోకి వచ్చిన కావలి

పరిశోధనశాలలోని ఎలుకల గదిలో పనికి చేరినప్పటి నుంచి అక్క చెల్లెల్ని చిట్టెలుక అనే పిలిచేది. అరల నిండా డబ్బాలు, డబ్బాల్లో తెల్ల ఎలుకలు. రంపపు పొట్టు మార్చడం, నీళ్ల సీసాలు నింపడం, వాటి రొమ్ము పక్కన పెరిగే గడ్డను వేళ్లతో తడిమి శనగగింజంత ఉందో, బఠాణీ అంత ఉందో పరిశోధన చేసే మేడంకి చెప్పడం ఆమె పని.

అక్క ఇంట్లో బట్టలు కుట్టేది. ఒకరోజు తన కొత్త జాకెట్టు తొడుక్కుని, "చంక కింద పట్టేస్తోందే, చూడు" అంది. సర్దబోయిన చిట్టెలుక వేళ్లు అక్కడే ఆగిపోయాయి.

డాక్టరు అది క్యాన్సర్ గడ్డని, వెంటనే ఆపరేషన్ చేయాలని అన్నాడు. కత్తి మాటకే అక్క భయపడిపోయింది.

"రోజంతా కత్తెరతోనే ఉంటావు, నీకు భయమేమిటక్కా?"

"నేను కోసేది గుడ్డనే తల్లీ. గుడ్డ ఏడవదు."

ఆ వారమే మేడం, చచ్చిన ఎలుక గడ్డలోంచి తీసిన పలచటి ముక్కను సూక్ష్మదర్శినిలో చూస్తూ సంబరపడ్డారు. "ఇటు రామ్మా, చూడు! ఒంటిని కాపాడే కణాలు గడ్డ లోపలిదాకా వచ్చేశాయి."

ఊదారంగు చుక్కలు కనిపించాయి. వచ్చి ఏం చేస్తున్నాయో అడగడానికి చిట్టెలుకకు నోరు రాలేదు. ఇంటికొచ్చి మాత్రం ఆగలేకపోయింది.

"అక్కా, మన ఒంట్లోనే కావలివాళ్లున్నారట! గడ్డలోకే దూరిపోతారట!"

అక్క మొహం విప్పారింది. "మరి నన్ను కోయడమెందుకు? వాళ్ల పని వాళ్లని చేసుకోనీ."

ఆపరేషన్ వాయిదా పడింది. చిట్టెలుక కాదనలేదు.

నెలలు గడిచాయి. డబ్బాల్లో గడ్డలు తగ్గలేదు. బఠాణీలు ఉసిరికాయలయ్యాయి. చివరికి ధైర్యం చేసి అడిగింది.

"కావలి కణాలు లోపలే ఉన్నాయన్నారు కదా మేడం?"

"ఉన్నాయమ్మా. కొన్ని నిద్రపోతున్నాయి. కొన్నయితే గడ్డకే కాపలా కాస్తున్నాయి. ఎందుకో మాకూ అంతుపట్టడం లేదు." మేడం తలెత్తారు. "ఏం, ఎందుకలా ఉన్నావు?"

చెప్పింది. అక్క సంగతి వినగానే మేడం చేతిలోని గాజుపలక బల్ల మీద పెట్టేశారు. "ఇప్పుడే వెళ్లు. ఈ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లు."

తీసుకెళ్లింది. ఎముకల్లోకి పాకిందన్నారు. ఇక కోసినా లాభం లేదన్నారు.

మంచం మీద పడుకున్న అక్కకు అంతా విప్పి చెప్పింది.

"కంచే చేను మేసిందన్నమాట," అని నవ్వబోయి అక్క దగ్గింది.

"నేను చెప్పకుండా ఉంటే..."

"ఇంకో సాకు వెతుక్కునేదాన్ని. ఊరుకోవే చిట్టెలుకా." కాసేపటికి మళ్లీ అంది: "ఆ జాకెట్టు కాస్త వదులు చెయ్యవూ? నా చేతుల్లో సూది నిలవడం లేదు."

చిట్టెలుకకు కుట్టుపని రాదు. అయినా కిటికీ వెలుగులో కూర్చుని, చంక కింద కుట్లు ఒక్కొక్కటే విప్పసాగింది.