నోరీన్ చూసిన రేసు

ఉదయశ్రీ యారంబీకి వచ్చింది వీసా కోసం. ఇందులో దాచేదేమీ లేదు, ఆమె కూడా దాచదు. పెద్ద నగరాలు కాకుండా ఏదైనా చిన్న ఊళ్లో కొన్నాళ్లు కాపురం చేస్తే పర్మనెంట్ రెసిడెన్సీ ఇస్తామని ప్రభుత్వం అంటే, భర్త హేమచంద్ర మ్యాపు ముందేసుకుని, ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం పడమటి కొసన గొర్రెలూ గోధుమచేలూ తప్ప ఇంకేమీ కనపడని ఈ ఊరిని ఎంచుకున్నాడు. పీఆర్ చేతికి రాగానే మెల్‌బోర్న్ వెళ్లిపోవాలనీ, కేరమ్ డౌన్స్ గుడికి దగ్గర్లో ఇల్లు కొనుక్కోవాలనీ మొగుడూ పెళ్లాల మధ్య ఒప్పందం. పీఆర్ వచ్చి పదేళ్లు దాటింది. ఇల్లు మాత్రం యారంబీలోనే కొన్నారు. అదీ రేసు ట్రాకుకు కూతవేటు దూరంలో. శనివారం మధ్యాహ్నం దాటి ఇంజన్లు మొదలయ్యాయంటే హేమచంద్ర కిటికీలన్నీ మూసి, చెవుల్లో దూది కుక్కుకుని, పెళ్లాం మీద గుర్రుమందామని చూస్తాడు. ఆమె ఇంట్లో ఉంటే కదా.

స్ప్రింట్‌కారు ఎరగనివాళ్ల కోసం రెండు ముక్కలు. దానికి నెత్తిన పెద్ద రేకు రెక్క ఉంటుంది, లోపల ఒక్కడికే చోటు. తనంతట తాను స్టార్టవడం కూడా చేతకాదు, వెనక నుంచి ఇంకో బండి నెట్టాలి. ఒకసారి ఊపిరి పోసుకుందంటే మాత్రం ఇక దాన్ని ఆపేవాడు లేడు. తడి బంకమట్టి ట్రాకు మీద మలుపు మలుపంతా అడ్డంగా జారుతూ పరిగెడుతుంది. వెనక చక్రాలు చిమ్మే మట్టి కంచె దాటి వచ్చి జనం మీద పడుతుంది.

మట్టి పడుతుందన్న సంగతి ఉదయశ్రీకి మొదటిరోజు ఎవరూ చెప్పలేదు. కౌన్సిల్ ఆఫీసులో అకౌంట్సు చూసే ఉద్యోగం అప్పుడే దొరికింది. ఆఫీసువాళ్లు రమ్మంటే పులిహోర డబ్బా, పసిపిల్ల గీతికను వెంటేసుకుని వెళ్లింది. చూస్తే కంచె పక్కన ముందు వరసంతా ఖాళీ. జనమంతా వెనక గడ్డిగట్టు మీద దుప్పట్లు పరుచుకుని కూర్చున్నారు. ఇంత మంచి చోటు వదిలేశారంటే వీళ్లకు బొత్తిగా తెలివి లేదనుకుంది. భీమవరం మనిషి, ముందు వరస ఖాళీగా ఉంటే ఊరుకుంటుందా? దర్జాగా వెళ్లి కూర్చుంది. మొదటి గుంపు కార్లు మలుపు తిరిగేసరికి తల్లీ పిల్లా పులిహోరా అన్నీ ఒకటే రంగయ్యాయి.

పగలబడి నవ్వుతూ తువ్వాలు పట్టుకుని గట్టు దిగి వచ్చిన పెద్దావిడే నోరీన్. ఊళ్లో పాలూ రొట్టే అమ్మే కొట్టు నడిపేది. మొహం తుడిచింది, పిల్లను ఎత్తుకుంది, తల్లిని పైకి లాక్కెళ్లి తన దుప్పటి మీద కూర్చోబెట్టుకుంది. అక్కడ కూర్చున్న మనిషి ఈనాటికీ అక్కడినుంచి లేవలేదు.

ఆ దుప్పటి మీదే నోరీన్ ఆమెకు లిన్ క్రాపర్ కథ చెప్పింది. ఒకసారి కాదు, వందసార్లు చెప్పింది. డెబ్భైల చివర్లో మాట. లిన్ పాల ట్యాంకర్ నడిపేవాడు. పెళ్లీ లేదు, పిల్లలూ లేరు, ఎన్నడూ ఛాంపియన్ కాలేదు. ఒక రేసులో ఆఖరి చుట్టు వచ్చేసరికి నాలుగో స్థానంలో ఉన్నాడు. ముందున్న ముగ్గురూ ట్రాకు లోపలి అంచును పట్టుకుని ఒకరి తోక ఒకరు తొక్కుతూ పోతున్నారు. పైన కాంక్రీటు గోడ పక్కన గతుకులు. అటు పోయినవాడు తిరిగి రాడని అందరికీ తెలుసు.

“లోపల జాగా లేదు, లవ్. ఉన్నదంతా పైనే,” అనేది నోరీన్, చెయ్యి పైకెత్తి.

లిన్ పైకి పోయాడు. రెక్క అంచు గోడకు రాసుకుని నిప్పురవ్వలు లేచాయి. ఒకే ఒక్క మలుపులో ముగ్గురినీ దాటేశాడు. మర్నాడు పొద్దున్నే ఎప్పట్లాగే పాల ట్యాంకర్ ఎక్కాడు. అతను పోయి చాలా ఏళ్లయింది. నా అనేవాళ్లు లేని మనిషికి మిగిలింది గట్టు మీది జనమే.

యారంబీ గట్టుకు ఒక ఆచారం ఉంది. ఏటా రేసుల సీజను మొదలయ్యే ముందు ఆదివారం అభిమానులంతా మడత కుర్చీలతో అక్కడ చేరతారు. బార్బెక్యూ పొయ్యి వెలిగిస్తారు. పాత డ్రైవర్ల గురించి ఒక్కొక్కరే లేచి చెప్తారు. ఎవరి కథ చెప్పారో వాళ్ల పేరు ప్రారంభం రోజున, కార్లు నాలుగేసి పక్కపక్కన నెమ్మదిగా చుట్టూ తిరిగి జనానికి చేతులూపుతున్నప్పుడు, మైకులో పిలుస్తారు. చెప్పేవాళ్లు లేకపోతే పిలవరు. అయితే కథ చెప్పాలంటే ఆ రేసును కళ్లారా చూసి ఉండాలి. విన్నది చెప్తే చెల్లదు.

ఈ నియమం కూడా ఉదయశ్రీకి మొదట ఎవరూ చెప్పలేదు. రెండో ఏడు చెంగున లేచి లిన్ కథ ఎత్తుకుంది. వాళ్లింట్లో ఎవరి పెళ్లి కబురైనా సరే, తాము పుట్టకముందు జరిగినదైనా సరే, పక్కనుండి వడ్డించినట్టే చెప్తారు. ఆమె కూడా అలాగే చెప్పింది. నిప్పురవ్వలు తన మీదే పడ్డంత పని చేసింది. అంతా నోళ్లు తెరుచుకుని విన్నారు. అయ్యాక కెన్ హాలరన్, ఒకప్పుడు ఆ ట్రాకులో గెలుపు గీత దగ్గర గళ్ల జెండా ఊపినవాడు, నియమం తప్పనివ్వనివాడు, నింపాదిగా అడిగాడు.

“బాగా చెప్పావు ఉదయ్. అప్పటికి నువ్వు పుట్టావా?”

గట్టంతా నవ్వింది. ఉదయశ్రీ కూడా నవ్వేసింది, కానీ చెవులు ఎర్రబడ్డాయి. అప్పుడు నోరీన్ లేచి అదే కథ మళ్లీ మొదటినుంచి చెప్పింది. అది చెల్లింది.

అలా ఏటేటా చెప్పుకుంటూ వచ్చిన నోరీన్‌కు ఈ చలికాలంలో పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. మతి మాత్రం ఎక్కడికీ పోలేదు. నర్సింగ్ హోంలో టీలో చక్కెర తక్కువైతే కప్పు పక్కకు తోసేస్తుంది. ఆ రేసును చూసిన మిగతావాళ్లంతా ఒక్కొక్కరే వెళ్లిపోయారు. కెన్ అప్పటికి వేరే ఊళ్లో బడికి పోయే పిల్లాడు. అంటే లిన్ క్రాపర్ పేరు ఈ ఏడాదితో సరి.

“పోనీలే ఉదయా. ఎప్పుడో పోయిన మనిషి. పేరు పిలిస్తే ఎంత, పిలవకపోతే ఎంత?” అన్నాడు హేమచంద్ర, ఆమె అన్నం కెలకడం చూసి.

“ఆయనకేం ఉండదండీ. ఆవిడకుంటుంది. తను అక్కడ చక్రాల కుర్చీలో కూర్చునుండగానే ఆ పేరు ఎగరగొట్టేస్తే, నువ్వింక లెక్కలో లేవు అని మొహం మీద చెప్పినట్టు కాదా?”

హేమచంద్ర ఆమె కంచం తన దగ్గరికి జరుపుకున్నాడు. కాస్త పెరుగు వడ్డించాడు.

మర్నాడు ఆమె ఆఫీసు నుంచి తిన్నగా కెన్ ఇంటికి వెళ్లింది. ఆయన గులాబీలు కత్తిరిస్తున్నాడు. ఈ ఒక్కసారికి తనను చెప్పనివ్వమని అడిగింది.

“నువ్వు చూడలేదు. నేనూ చూడలేదు. విన్నవాటిని రానిచ్చామంటే, రెండేళ్లలో ప్రతివాడి తాతా ఛాంపియనే అవుతాడు. అప్పుడిక లిన్ పేరుకు మాత్రం విలువేముంటుంది?” అన్నాడు కెన్.

ఉదయశ్రీకి ఒళ్లు మండింది. ఎక్కువ మండింది ఎందుకంటే ఆయన చెప్పింది నిజం.

ఆ ఆదివారం మధ్యాహ్నం నోరీన్‌ను చక్రాల కుర్చీలో గట్టు మీదికి తీసుకొచ్చారు. మెల్‌బోర్న్‌లో యూనివర్సిటీకి వెళ్తున్న గీతిక సెలవు పెట్టుకుని వచ్చి కుర్చీ నెట్టింది. నోరీన్ పెదాలకు రంగేసుకుని, క్లబ్బు టోపీ పెట్టుకుని, పెళ్లికొచ్చినట్టు వచ్చింది. ఒకరి తర్వాత ఒకరు లేచి చెప్పారు. పల్టీలు కొట్టి కూడా గెలిచినవాడి గురించి, విరిగిన చేత్తో స్టీరింగ్ పట్టినవాడి గురించి. సాసేజీల పొగలో నవ్వులు, చప్పట్లు. ఆ తర్వాత కెన్ ఎప్పట్లాగే అడిగాడు.

“లిన్ క్రాపర్?”

ఎవరూ లేవలేదు. నోరీన్ నోరు తెరిచింది. ఏదో సన్నటి కీచు తప్ప ఏమీ రాలేదు. మళ్లీ ప్రయత్నించింది. అంతమంది తలలు దించుకుని బూట్ల వంక చూసుకుంటున్నారు. ఉదయశ్రీ ఇక కూర్చోలేక లేచింది.

“నేను చూడలేదు. చూసినావిడ ఇదిగో ఇక్కడే ఉంది. ఆవిడ ముందే చెప్తాను. తప్పయితే ఆవిడే ఆపుతుంది.”

కెన్ వద్దనేలోపే మొదలెట్టింది. పాల ట్యాంకర్, ఆఖరి చుట్టు, ముందు ముగ్గురు. మాటమాటకూ నోరీన్ సంతోషంగా తలూపుతోంది. కెన్ చెయ్యెత్తాడు.

“ఉదయ్, నువ్వేం చెప్పినా ఆవిడ తలూపుతుంది. నువ్వంటే ఆవిడకు అంత ప్రేమ. దాన్ని సాక్ష్యం అనలేం.”

 ఆ మాట ఉదయశ్రీకి ముల్లులా గుచ్చుకుంది, దాంతోపాటే దారీ చూపించింది. తలూపితే సాక్ష్యం కాదా? సరే. నోరీన్‌చేత కాదని ఎలా అనిపించాలో ఆమెకు తెలుసు.

“అప్పుడు లిన్ ఏం చేశాడూ,” అంది గొంతు పెంచి, “తెలివిగా లోపలి అంచు పట్టుకున్నాడు.”

నోరీన్ తల ఆగిపోయింది.

“గోడ దగ్గరికి పోవడానికి భయమేసింది పాపం. లోపలే సర్దుకుని, ఒకణ్ణి దాటి, మూడో స్థానంలో వచ్చాడు.”

ఫట్‌మని శబ్దం. నోరీన్ ఎడమచేత్తో కుర్చీ పిడిని కొట్టింది. ఉదయశ్రీ వంక చూసిన చూపుకు పచ్చగడ్డి భగ్గుమనాలి. ఇన్నేళ్లు దుప్పటి మీద చోటిచ్చి, అన్నిసార్లు చెప్పిందీ ఇందుకేనా అన్నట్టుంది.

“అమ్మా, స్టాప్. యు ఆర్ అప్‌సెట్టింగ్ హర్,” అంది గీతిక, తల్లి మోచెయ్యి పట్టుకుని.

“ఉండవే.” ఉదయశ్రీ మోచెయ్యి విడిపించుకుంది. “మూడో స్థానమే. లోపలి అంచునే పోయాడు.”

నోరీన్ ఈసారి పిడిని కాదు, ఉదయశ్రీ తొడ మీదే ఒక్కటిచ్చింది. ఆ పైన ఎడమచెయ్యి పైకి లేచింది. మూడు వేళ్లు చూపించింది. వాటిని ఒక్కొక్కటే ముడిచేసింది. ఒక్క చూపుడువేలు నిటారుగా నిలబెట్టింది. ముగ్గురినీ దాటాడు, మొదటివాడుగా వచ్చాడు, విన్నావా?

 కెన్ కుర్చీలోంచి లేచి వచ్చాడు. మోకాళ్లు పట్టేస్తున్నా నోరీన్ ముందు గడ్డిలో కూలబడ్డాడు.

“నోరీన్, ఎటునుంచి పోయాడు? నాకు చూపించు.”

నోరీన్ ఉదయశ్రీని చూడను కూడా చూడలేదు. చెయ్యి చాచింది. ఎదురుగా, ఖాళీగా ఉన్న ట్రాకు మీద ఆ చెయ్యి కదలడం మొదలెట్టింది. ముందు తిన్నగా వచ్చింది. మలుపు దగ్గర అడ్డం తిరిగింది. లోపల జాగా కోసం ఒకసారి వెతికి, లేదని వెనక్కి తగ్గింది. ఆ తర్వాత మెల్లగా పైకి, ఇంకా పైకి, గోడదాకా పోయింది. అక్కడ గతుకుల మీద వేళ్లు అదిరాయి. గోడకు రాసుకున్నచోట చిటపటమని విడివిడిగా ఎగిరాయి. పెద్దలూ పిల్లలూ అంతా ఆ చేతి వెంటే తలలు తిప్పుతున్నారు. వందసార్లు విన్న ఉదయశ్రీకి కూడా ఈసారి తెలిసిందొకటుంది. గోడ పక్కన పోతున్నప్పుడు లిన్ ఒక్కసారి తగ్గాడు. మనిషి భయపడినంతసేపు ఆ చెయ్యి ఆగింది, ఆపైనే దూకింది. ఈ ముక్క నోరీన్ ఎప్పుడూ మాటల్లో చెప్పలేదు.

చెయ్యి గెలుపు గీత దాటి ఒళ్లో పడింది. నోరీన్ రొప్పుతోంది. అప్పటికే ఉదయశ్రీ ఏడుస్తోంది, తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు.

“చూసినావిడ చెప్పింది,” అన్నాడు కెన్, అందరికీ వినపడేలా. “లిన్ క్రాపర్ పేరు ఉంటుంది.”

చప్పట్లతో గట్టు హోరెత్తింది. కెన్ లేవడానికి ఉదయశ్రీ చెయ్యందించింది. ఆయన ఆమె చెవి దగ్గర గొంతు తగ్గించి అన్నాడు.

“నాటకమాడావని నాకు తెలుసు. అయితేనేం, ఇప్పుడు నువ్వూ చూశావు కదా. వచ్చే ఏడు ఆవిడ రాలేకపోతే నువ్వు చెప్పు. నేను అడ్డు చెప్పను.”

తగ్గించిన గొంతే అయినా నోరీన్ చెవిన పడనే పడింది. కుర్చీ పిడి మరోసారి ఫట్‌మంది. ఇద్దరూ ఉలిక్కిపడి తిరిగారు. నోరీన్ వేలితో ఉదయశ్రీని చూపించి, ససేమిరా అని తల అడ్డంగా ఊపింది. ఆ వేలినే తిప్పి తన గుండెల మీద గట్టిగా పెట్టుకుంది.