మిట్ట మీద ముసలోళ్ల కాలనీ

మా ఊరు తర్లుపాడుకు అవతల ఉంది. బస్సు దిగి ఆటోలో లోపలికి పోవాలి. నేను మార్కాపురంలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. రోజూ పోయి వస్తాను. ఊరి పక్కన గుట్ట కింద ఉన్న నేలను మేం మిట్ట అంటాం. అందులో కొంత పట్టా పొలం, మిగతాదంతా పోరంబోకు. మా అన్న గొర్రెలు అక్కడే మేసేవి. ఊరందరికీ తాగే నీళ్లిచ్చే బోరు కూడా ఆ మిట్ట అంచునే, వంక పక్కన ఉండేది. ఎండాకాలంలో మిగతా బోర్లన్నీ ఎండిపోయినా అది మాత్రం సన్నగానైనా పోసేది.

ఆ మిట్ట మీద వృద్ధుల కోసం ఒక కాలనీ కడతామని హైదరాబాదు నుంచి ఒక కంపెనీ వచ్చింది. పట్టా పొలాలు అప్పటికే గుట్టుగా కొనేసింది. పోరంబోకు లీజుకు తీసుకోవాలన్నా, కొత్త బోర్లు వేయాలన్నా గ్రామసభ పెట్టి ఊరి అభిప్రాయం అడగాలట. ఆ సంగతి మాకు చెప్పింది మామ.

మామ అంటే రక్తసంబంధం కాదు. మా ఊరి బడిలో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. నాచేత అక్షరాలు దిద్దించింది ఆయనే. ఆదివారం చర్చిలో వాక్యం చదివేదీ ఆయనే. ఆయన మాటంటే ఊళ్లో అందరికీ గురి.

సభకు ముందు మామ ఇంటింటికీ తిరిగాడు. కాలనీ వద్దని ఆయన అనలేదు. బోర్లు మాత్రం వద్దన్నాడు. వాళ్లు మనకంటే లోతుకు పోతారని, మన బోరు ఎండిపోతుందని, ఆ ఒక్క మాట మీద అందరూ నిలబడితే చాలని నూరిపోశాడు. మా అన్నకు నలుగురిలో మాట్లాడటం రాదు. వాణ్ని ఎదురుగా కూర్చోబెట్టుకొని ఏం చెప్పాలో, ఎవరి వైపు చూసి చెప్పాలో ఓపిగ్గా నేర్పాడు. చివర్లో తానే లేచి ఊరి తరఫున బోర్లు వద్దని చెబుతానన్నాడు.

సభ బడి ఆవరణలో జరిగింది. మండలం నుంచి వచ్చిన అధికారి, కంపెనీ పంపిన యువకుడు షామియానా కింద కుర్చీల్లో కూర్చున్నారు. మేం కింద పరిచిన పట్టాల మీద కూర్చున్నాం. కంపెనీ వాళ్లు అందరికీ చల్లటి నీళ్ల సీసాలు పంచారు. నీళ్ల కోసం కొట్లాడటానికి వచ్చిన వాళ్లం వాళ్లిచ్చిన నీళ్లే తాగుతూ వాళ్ల మాటలు విన్నాం. యువకుడు తెర మీద బొమ్మలు చూపించాడు. తారు రోడ్డు వస్తుందన్నాడు, వీధి దీపాలు వస్తాయన్నాడు, ఊరి ఆడవాళ్లకు పని దొరుకుతుందన్నాడు.

అన్న లేచాడు. నేర్చుకున్నది సగం మరిచిపోయాడు గానీ అసలు మాట చెప్పాడు.

"ఆ బోరు పోతే మేం యాడికి పోవాల సార్? గొర్ల సంగతి పక్కన పెట్టు. పిల్లలకు ఏం తాపాల?"

అనుమతులన్నీ నిపుణులు చూసిన తర్వాతే ఇస్తారని అధికారి సమాధానం చెప్పాడు. అప్పుడు మామ లేచాడు. అందరం ఆయన వైపు తిరిగాం.

"ఊరు బాగుపడాలంటే ఇట్లాంటియి రావాల. నీళ్ల సంగతి చూసుకుంటామని సార్ చెప్పినాడు. నాకైతే అభ్యంతరం లేదు," అని కూర్చున్నాడు.

అన్న ఇంకా నిలబడే ఉన్నాడు. నేను లేచి, అది ఆయన సొంత మాట, ఊరి మాట కాదని చెప్పాను. మీ హెడ్మాస్టరు గారే ఒప్పుకున్నాక ఇంకేముందమ్మా అని అధికారి నవ్వాడు. మాట్లాడదామని వచ్చిన వాళ్లు ఒక్కొక్కరే లేచి ఇళ్లకు పోయారు. ఊరు ఒప్పుకున్నట్టే అయింది.

ఆ సాయంత్రం మామ ఇంటికి పోయాను. ఆయన భార్య, మా అత్త, పక్షవాతం వచ్చి కొన్నేళ్లుగా మంచంలోనే ఉంది. మాట పడిపోయింది గానీ అన్నీ వినపడతాయి. మామ ఆమె కింద దుప్పటి మారుస్తున్నాడు. నన్ను కూర్చోమనలేదు. ఎందుకట్ల చేసినావని అడిగాను.

"ఆ కంపెనీ పిల్లోడు ఇంటికి వచ్చినాడు. మీ అత్తకు ఒక గది ఇస్తామన్నాడు. ఎత్తేదానికి, కడిగేదానికి మనుషులుంటారంట," అన్నాడు.

"ఊరి నీళ్లు ఇచ్చి గది తెచ్చుకున్నావా మామా?"

ఆయన దుప్పటి వదిలేసి నా వైపు తిరిగాడు.

"నా నడుము పోయింది మ్మా. ఈమెను పక్కకు తిప్పేదానికి కూడా నా చేతులు సాలడం లేదు. ఊరు ఊరని ఇన్నేళ్లు తిరిగినా కదా, ఈమెను ఎత్తేదానికి ఒక్కరన్నా వచ్చినారా?"

అడిగి ఉంటే వచ్చేదాన్నన్నాను. అడిగి చేయించుకునే పనా ఇది అన్నాడు. అత్త గోడ వైపు మొహం తిప్పుకుంది. ఆమె కళ్లు తుడవాలనిపించింది గానీ ఆ ఇంట్లో ఇంకొక్క క్షణం నిలబడలేకపోయాను.

కాలనీ లేచింది. బోర్లు పడ్డాయి. తర్వాతి ఎండాకాలంలో మా బోరు నుంచి గాలి తప్ప ఏమీ రాలేదు. ఇప్పుడు ట్యాంకరు వస్తే బిందెలు, రాకపోతే తిట్లు. మిట్ట చుట్టూ కంచె వేశారు. అన్న గొర్రెలను పుల్లలచెరువు మండలం వైపు తోలుకుపోయి చూశాడు. అక్కడా నీళ్లు లేవు. చివరికి మందను అమ్మేసి కూలికి పోతున్నాడు. వాడు మామను పల్లెత్తు మాట అనలేదు. చర్చిలో మాత్రం ఆయన వాక్యం చదవడానికి లేస్తే అన్న లేచి బయటికి పోతాడు.

కాలనీ తెరిచిన కొన్నాళ్లకు మామ అత్తకు కొత్త చీర కట్టించి ఆటోలో తీసుకుపోయాడు. పొద్దెక్కకముందే ఆటో తిరిగి వచ్చింది. ఇది ఆసుపత్రి కాదని, తమ పనులు తాము చేసుకోగలిగిన పెద్దవాళ్లనే చేర్చుకుంటామని గేటు దగ్గరే చెప్పారట. మాటిచ్చిన యువకుడు కంపెనీ మానేసి ఎప్పుడో పోయాడట. మామ, ఆటో డ్రైవరు కలిసి అత్తను దించుతుంటే దుకాణం దగ్గర కూర్చున్న వాళ్లలో ఎవరో నవ్వారు. ఎవరూ లేచి ఒక చెయ్యి వేయలేదు.

మర్నాడు బడికి పోయే ముందు నేను వాళ్లింటికి పోయాను. మామతో మాట్లాడలేదు. అత్తను ఎత్తి కూర్చోబెట్టి, ఒళ్లు తుడిచి, జడ వేసి వచ్చాను. అప్పటి నుంచి రోజూ పోతున్నాను. నేను పోలేని రోజు వదిన పోతుంది. మామను తిట్టుకుంటూనే పోతుంది, తిట్టుకుంటూనే చేస్తుంది.

మొన్నొక పొద్దున మామ వాకిట్లో నిలబడి, తలెత్తకుండానే అడిగాడు.

"నా మీద కోపం పోయినట్టేనా మ్మా?"

"నేను వచ్చేది అత్త కోసం," అన్నాను.

ఆయన తల ఊపి పక్కకు జరిగాడు. ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ ఏ బాధా లేదు.