మోరీ మీది మెట్లు పగలగొట్టుకున్న మా యాదన్న

"మేడం, యాదన్న లేడు."

నిన్న పొద్దున స్కూల్లో రెండో పీరియడ్ చెప్తుండగా మా వీధి శ్రీను ఫోన్ చేసి అన్న మాట.

"ఏ మున్సిపల్ ఆఫీసుకో వెళ్లుంటాడులే శ్రీనూ, మధ్యాహ్నానికి వచ్చేస్తాడు" అన్నాను.

అవతల ఏడుపు వినపడింది.

అప్పుడు అర్థమైంది.

ఉప్పల్ బస్టాప్‌లో కూర్చుని, పక్కాయనతో మాట్లాడుతూనే ఒరిగిపోయాడట. హాస్పిటల్‌కి చేర్చేలోపే అంతా అయిపోయిందట. చేతిలో ఎవరిదో నల్లా నీళ్ల కనెక్షన్ అప్లికేషన్ ఉందట. చివరి రోజు కూడా సొంత పని మీద బయల్దేరలేదు మనిషి.

తెలియని ఫ్రెండ్స్ కోసం చెప్తున్నా. యాదన్న పూర్తి పేరు యాదగిరి, సొంతూరు భువనగిరి దగ్గర పల్లె. నాచారంలో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టర్. అది మూతపడ్డాక చిన్న చిన్న రిపేర్లు చేసుకుంటూ బతికాడు. లీడర్ కాదు, ఆఫీసరూ కాదు.

కానీ మా వీధిలో ఎవరికి ఏ డౌట్ వచ్చినా ఆయన గేటు ముందే నిలబడేవాళ్లం.

ఇంటి నంబర్ ఎలా వస్తుంది? గోడకీ గోడకీ మధ్య ఎంత జాగా వదలాలి? బోరు వేయాలంటే ఎవరి పర్మిషన్ కావాలి?

మా మున్సిపాలిటీ గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసిన కొత్తలో ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో మాలో ఎవరికీ తెలిసేది కాదు. అన్నకీ తెలియదు. "తెల్వది. రేపు అడిగొస్త" అనేవాడు. నిజంగానే మర్నాడు వెళ్లి అడిగొచ్చేవాడు.

మేం ఏలూరు నుంచి వచ్చిన కొత్త. మా పాప స్కూల్ అడ్మిషన్. బర్త్ సర్టిఫికెట్‌లో పేరు దగ్గర ఖాళీ. ఇది చెల్లదు, కోర్టు దాకా వెళ్లాలి అని ఎవరో భయపెట్టారు. ఏడుపు మొహంతో అన్న దగ్గరికి వెళ్లాను.

"ఇంత దానికే ఏడుస్తవా చెల్లె? సర్టిఫికెట్ మంచిగనే ఉన్నది. పేరు ఎక్కియ్యలే, గంతే. దానికి వేరే ఫారం ఉంటది."

ఫారం తెచ్చిచ్చాడు. నింపమంటే మాత్రం నింపలేదు.

"నేను రాస్తే రేపు మల్ల నా కోసమే సూస్తవు. టీచర్‌వి గదా, నువ్వే రాయి. తప్పు వోతే నేను చెప్త."

అలా మొదలుపెట్టినదాన్ని, ఆ తర్వాత వీధిలో ఎంతమందికి ఫారాలు రాయడం నేర్పానో!

ఇంకో సంగతి చెప్పకపోతే ఈ పోస్ట్ రాసినట్టే కాదు.

మా వీధి చివర, పల్లంలో సరస్వతి వాళ్ల ఇల్లు. టైలరింగ్ చేస్తుంది. ఒక వానాకాలం ఇళ్ల ముందు పారే మురుగు మోరీ పొంగి వాళ్లింట్లోకి మోకాలి లోతు నీళ్లు వచ్చేశాయి. మంచాన ఉన్న వాళ్లత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి మా ఇంటికి మోసుకొచ్చారు. ఆ ముసలావిడ వణుకు ఇంకా నా కళ్లముందే ఉంది.

ఆ ఆదివారం వీధంతా కూర్చున్నాం. మోరీ మీద మెట్లు కట్టుకోవచ్చా అని ఎవరో అడిగారు.

"కట్టొద్దు. రూలే అది. మెట్ల కింద చెత్త ఇరుకుతది, తీద్దామంటే చెయ్యి వట్టది. ఇగ నీళ్లు ఎటు వోతయి? సరస్వతి ఇంట్లకే" అన్నాడు అన్న.

శ్రీను ఊరుకోలేదు. "మరి నీ మెట్లు ఏడున్నయన్నా?"

అందరూ నవ్వారు.

అన్న నవ్వలేదు.

ఆ మెట్లు మోరీ మీదే ఉన్నాయి. కానీ అవి ఆయన భార్య పద్మక్క కోసం కట్టినవి. ఆమెకి చిన్నప్పటినుంచీ ఒక కాలు సరిగ్గా పడదు. అందుకే వెడల్పుగా, ఎత్తు తక్కువగా తన చేతులతో కట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే సుత్తి దెబ్బలు వినపడితే బయటికొచ్చాం.

అన్న తన మెట్లు తనే పగలగొడుతున్నాడు. పద్మక్క గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది.

"మరి నేనెట్ల దిగాలె?"

"జర ఓపికవట్టు పద్మా. లోపటికి కడత. మన జాగల కడత."

శ్రీను పరుగెత్తుకొచ్చాడు. "అన్నా, నేను మజాక్‌కు అన్ననే!"

"మజాక్ కాదురా. నువ్వు నిజమే అన్నవ్."

శ్రీను వెనక్కి తిరిగాడు. ఇంట్లోంచి గడ్డపార తెచ్చి పక్కన నిలబడ్డాడు. నెల తిరిగేసరికి వీధిలో అందరి మెట్లూ లోపలికి జరిగాయి. కొందరు తిట్టుకుంటూనే జరిపారనుకోండి. అన్న వాళ్ల ముందుగది సగమైపోయింది.

తర్వాతి వానాకాలం సరస్వతి ఇంట్లోకి చుక్క నీరు రాలేదు.

మొన్న తెలంగాణ రాష్ట్రం వచ్చినప్పుడు వీధంతా పటాకులు, రంగులు. నాకెందుకో బయటికి వెళ్లాలనిపించలేదు. అన్న స్వీట్ డబ్బా పట్టుకుని నేరుగా మా గుమ్మంలోకి వచ్చాడు.

"నువ్వేంది లోపట్నే ఉన్నవ్? రా చెల్లె. నీ ఇంటి నంబర్ ఈడిదే గదా!"

ఆ మాటకి నవ్వొచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే ఏడుపొస్తోంది.

నిన్న సాయంత్రం శ్మశానంలో అంతా అయిపోయాక అక్కడి మనిషి ఒక రసీదు ఇచ్చాడు. "పైలంగ పెట్టుకోన్రి, డెత్ సర్టిఫికెట్‌కు కావాలె."

"దానికి ఎక్కడికి పోవాలె?" అని అడిగాడు పద్మక్క తమ్ముడు.

"యాదన్నను అడుగుదాం పా" అనేశాడు సరస్వతి భర్త.

అని, అక్కడే మట్టిలో కూలబడి ఏడ్చాడు.

ఎక్కడికి వెళ్లాలో నాకు తెలుసు. రసీదు అందుకుని భద్రంగా మడిచిపెట్టాను.

రేపు శ్రీను, నేను వెళ్తున్నాం. పద్మక్కను ఒంటరిగా వదలం అన్నా, ఆ ఫికర్ పెట్టుకోకు.

ఇన్నేళ్లూ మా అందరి కోసం క్యూల్లో నిలబడ్డావు. ఇక కూర్చో. నీ ఆత్మ చల్లగా ఉండాలి.

పోయిరా అన్నా.