సైలెన్సర్ తీయించిన మొనగాడు

పోయిన వారం మా ఇంట్లో ఏం జరిగిందో వింటే మీరెవరూ నన్నిక సలహా అడగరు. అడక్కండి కూడా. ప్రశాంతంగా ఉన్న మా వీధికి నా చేతులారా నేనే ఫిరంగి మోత తెచ్చిపెట్టాను. అదీ ఎప్పుడనుకున్నారు? మా ఆవిడ ఏడేళ్ళుగా ఎదురుచూసిన ఇంటర్వ్యూ ఉన్న వారంలో.

మేం ఇక్కడ జార్జియాలో, కమ్మింగ్‌లో ఇల్లు కొన్నాం కదా, సబ్‌డివిజన్‌లో మాదే ఆఖరి ఇల్లు. వెనక ఫెన్స్, దాని అవతల పచ్చిక, పచ్చిక చివర చెట్లు. ఆ నేలంతా హాలిస్ అనే పెద్దాయనది. డెబ్బై దాటిన మనిషి, ఒక ముసలి కుక్కతో ఒంటరిగా ఉంటాడు. మేం వచ్చినప్పటి నుంచీ మధ్యాహ్నం పూట అటునుంచి టప్... టప్ అని చప్పుడు వినిపించేది, ఎవరో దుప్పటి దులుపుతున్నట్టు. ఆయన షెడ్‌లో మేకులు కొట్టుకుంటున్నాడనుకున్నాను. ఈ వయసులో ఆయన ఎంత కష్టపడుతున్నాడో చూసి నేర్చుకోవాలని మా ఆవిడ లావణ్యకి క్లాసు కూడా పీకాను.

లావణ్య హైదరాబాద్‌లో టెస్టింగ్ టీమ్ లీడ్‌గా చేసిన మనిషి. నన్ను చేసుకుని, హెచ్-ఫోర్ వీసా మీద ఇక్కడికి వచ్చి, ఉద్యోగం చేసే వీల్లేక ఏడేళ్ళు ఇంట్లో కూర్చుంది. ఈ వేసవిలో గవర్నమెంట్‌కి దయ కలిగి, నాలా గ్రీన్ కార్డ్ క్యూలో నిలబడ్డవాళ్ళ భార్యలకి వర్క్ పర్మిట్ ఇస్తామంది. ఆ కార్డ్ పోస్ట్‌లో వచ్చిన రోజు మా ఇంట్లో కూర మాడిపోయింది, ఎవరూ పట్టించుకోలేదు. ఇక అప్లై చేయడం మొదలుపెట్టింది. ఎక్కడికెళ్ళినా అదే పాట. ఈ ఏడేళ్ళ గ్యాప్ ఏమిటి, యూఎస్ ఎక్స్‌పీరియన్స్ ఏది? ఫోన్ పెట్టేశాక ముఖం కడుక్కుని వచ్చేది. నాకు చూడబుద్ధయ్యేది కాదు.

చివరికి డాలస్‌లో ఒక హాస్పిటల్ సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళు పిలిచారు. ఇంటి నుంచే పని, ఫోన్ ఇంటర్వ్యూ, బుధవారం ఒంటిగంటకి. డైనింగ్ టేబుల్ మొత్తం నోట్స్ పరిచేసింది. నేను హెల్ప్ చేస్తానన్నాను. "మీరేం చేయొద్దండి. ఇల్లు ప్రశాంతంగా ఉంటే చాలు," అంది.

సరిగ్గా ఆ మాట దగ్గరే నేను దెబ్బతిన్నాను. చెప్పిన దాంట్లో మొదటి సగం వదిలేసి, రెండో సగాన్ని ప్రాజెక్ట్‌గా తీసుకున్నాను.

శనివారం మా వెనక యార్డ్‌లో రమణ, నేను క్రికెట్ ఆడుతున్నాం. రమణ రెండిళ్ళ అవతల ఉంటాడు, ప్రపంచంలో తెలియని విషయం లేదు వాడికి. బాల్ ఫెన్స్ దాటింది. తెచ్చుకుందామని వెళ్తే హాలిస్ ట్రక్ వెనక తలుపు దించి ఉంది, దాని మీద ఒక రైఫిల్. రైఫిల్ చివర జానెడు పొడుగున, టార్చిలైటంత లావున ఒక నల్లటి గొట్టం. మనిషి లోపలికెక్కడికో వెళ్ళినట్టున్నాడు.

"ఒరేయ్ మూర్తీ, అది సైలెన్సర్ రా," అన్నాడు రమణ గొంతు తగ్గించి.

అప్పటికి గానీ నాకు వెలగలేదు, ఇన్నాళ్ళూ నేను మేకులనుకున్నది తుపాకీ అని. ఇద్దరం బాల్ అక్కడే వదిలేసి వచ్చేశాం. ఇక మా కిచెన్‌లో చర్చ. సైలెన్సర్ గురించి మా ఇద్దరి చదువూ సినిమాల్లోనే జరిగింది. సినిమాల్లో ఆ గొట్టం బిగించేవాడు ఎవడు? డబ్బు తీసుకుని మనుషుల్ని లేపేసేవాడు. తప్పు చేయనివాడికి చప్పుడు దాచుకోవలసిన అవసరం ఏముంది? ఇది నా లాజిక్. పైగా ఎప్పుడూ పలకరిస్తాడు, చెయ్యి ఊపుతాడు, మరీ మంచివాడిలా ఉంటాడు, నాకు మొదటి నుంచీ అనుమానమే అన్నాడు రమణ. నిజానికి వాడికి మొదటి నుంచీ ఏ అనుమానమూ లేదు, పోయిన నెల ఆయన దగ్గర నిచ్చెన కూడా అరువు తెచ్చుకున్నాడు.

షెరిఫ్ ఆఫీస్‌కి ఫోన్ చేశాను. ఒక డిప్యూటీ ఎత్తాడు. పేరు చెప్పగానే హాలిస్ తనకి బాగా తెలుసన్నాడు. జార్జియాలో అది పెట్టుకోవడం లీగలే, దానికి కాగితాలన్నీ ఉన్నాయి, మా షెరిఫ్ గారే సంతకం పెట్టారు అన్నాడు. అక్కడితో ఆగిపోతే మనం మనం ఎందుకవుతాం? ఎవరు పడితే వాళ్ళు కొనుక్కోవచ్చా అనడిగాను. అబ్బే, వేలిముద్రలివ్వాలి, ఫోటోలివ్వాలి, రెండొందల డాలర్ల టాక్స్ కట్టాలి, వాషింగ్టన్ వాళ్ళు పుట్టుపూర్వోత్తరాలన్నీ చూస్తారు, నెలల తరబడి ఎదురుచూడాలి అని ఓపిగ్గా చెప్పాడు. అది సినిమాల్లోలా నోరు మూయించే వస్తువు కాదు సర్, చెవులు పోకుండా చప్పుడు కాస్త తగ్గిస్తుందంతే అని కూడా అన్నాడు.

వేలిముద్రలు, ఫోటోలు, ఫీజు, ఎదురుచూపులు! ఇది అచ్చం నా గ్రీన్ కార్డ్ తతంగం. మామూలు మనిషైతే ఏమనుకోవాలి? ఇంత వడపోత అయ్యాక ఇచ్చారంటే ఆయన పెద్దమనిషే అయ్యుంటాడనుకోవాలి. నేనేమనుకున్నానంటే, గవర్నమెంట్ ఇంత జాగ్రత్త పడుతోందంటే అదెంత ప్రమాదకరమైనదో అని. అదే తతంగం నా మీదా జరుగుతోంది, నన్ను చూసి మా వీధిలో పిల్లి కూడా భయపడదన్న సంగతి తట్టలేదు.

ఆదివారం రమణా నేనూ ఒక డబ్బాలో సున్నుండలు పెట్టుకుని వెళ్ళాం. గొడవకి వెళ్ళినా మనవాళ్ళం ఖాళీ చేతులతో వెళ్ళం కదా. హాలిస్ వరండాలో కూర్చోబెట్టాడు. ఆయనకి ఒక చెవి పనిచేయదు, అందుకని నేను అరిచి మాట్లాడవలసి వచ్చింది. మీ సైలెన్సర్ చూసి మా వీధి ఆడవాళ్ళు, పిల్లలు హడలిపోతున్నారని చెప్పాను. వీధిలో ఏ ఆడమనిషికీ ఈ సంగతే తెలియదు. మా ఆవిడకి కూడా.

ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. "తుపాకీకి భయపడుతున్నారా, గొట్టానికా?" అనడిగాడు.

తుపాకీ మీ హక్కు, దాన్ని మేం గౌరవిస్తాం, ఆ గొట్టం ఒక్కటే తీసేస్తే చాలన్నాను. చాలా డిప్లొమాటిక్‌గా మాట్లాడానని నాకు గొప్ప తృప్తిగా కూడా ఉంది. ఖాయమేనా అని అడిగాడు. ఖాయం. సున్నుండ నోట్లో వేసుకుని, నమిలి, మళ్ళీ ఖాయమేనా అన్నాడు. హండ్రెడ్ పర్సెంట్ అన్నాను. సరే, మీకదే ఇబ్బంది అయితే వాడను అన్నాడు. ఇంటికొస్తూ రమణ నా భుజం తట్టి, మన కాలనీ సంఘం హెచ్‌ఓఏకి నువ్వే ప్రెసిడెంట్‌గా నిలబడాలిరా అన్నాడు.

సోమవారం నేను ఇంటి నుంచే పనిచేస్తున్నాను. లంచ్‌లో లావణ్య పప్పు వడ్డిస్తోంది. ఢాం! అని ఒక్కటి పేలింది. కిటికీ అద్దాలు అదిరాయి. గరిటె ఆమె చేతిలోంచి జారి నా కంచంలో పడింది. తేరుకునేలోపే రెండోది, మూడోది. వీధిలో ఎవరిదో కార్ అలారం మోగడం మొదలైంది.

"ఏంటండీ ఇది?"

చెప్పాను. ముందు కొంచెం చెప్పాను, చూసే చూపుకి మిగతాది కూడా చెప్పేశాను.

"అంటే రోజూ వినపడే టప్ టప్ ఇదేనా?"

"ఇదే."

"దాన్ని మీరు వెళ్ళి, అడిగి, ఇలా చేయించారా?"

నేను సున్నుండల ప్రస్తావన తెచ్చాను, అదేదో కేసులో నాకు పనికొస్తుందని. ఆమె లాప్‌టాప్ మూసేసి పైకి వెళ్ళిపోయింది. అరిచినా బాగుండేది.

పరిగెత్తుకుంటూ హాలిస్ దగ్గరికి వెళ్ళాను. చెవులకి పెట్టుకున్న మఫ్స్ తీసి, నవ్వుతూ పలకరించాడు. అయ్యా, మాదే పొరపాటు, దయచేసి ఆ గొట్టం మళ్ళీ బిగించండి అన్నాను. ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. ఎటూ వాడటం లేదు కదా అని పొద్దున్నే రిపేర్‌కి కంపెనీకి పంపించేశాడట. ఎన్నాళ్ళ నుంచో మర పట్టేస్తోందట. తిరిగి రావడానికి రెండు నెలలు.

ఇంకొకటి కొనండి, డబ్బు నేనిస్తానన్నాను. మళ్ళీ మొదటి నుంచీ అప్లై చేయాలి, ఏడాది దాకా పట్టవచ్చన్నాడు. పోనీ ఎవరి దగ్గరైనా అరువు తెద్దామన్నాను, రమణ నిచ్చెన గుర్తొచ్చి. ఓనర్ పక్కన లేకుండా ఇంకొకరి చేతికిస్తే జైలే అన్నాడు. అయితే నా పేరు మీద కొంటానన్నాను. గ్రీన్ కార్డ్ ఉందా అనడిగాడు. లేదు, హెచ్-వన్. అయితే మీరు తుపాకీ కూడా ముట్టుకోకూడదనుకుంటా సర్ అన్నాడు జాలిగా. ఆ గ్రీన్ కార్డ్ లేకపోతే ఉద్యోగం మారలేను, సరే. సైలెన్సర్‌కి కూడా అదే అడ్డం వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

అసలు అదెందుకు కొన్నారని ఉండబట్టలేక అడిగాను.

"మీ ఇళ్ళు కడుతున్నప్పుడు కొన్నాను. చిన్నపిల్లలుంటారు, నిద్రపోతుంటారు కదా," అన్నాడు.

నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మా కోసమే టాక్స్ కట్టి, వేలిముద్రలిచ్చి, నెలలు కాచుకున్న మనిషిని నేను రెండు రోజుల పాటు కిరాయి హంతకుణ్ణి చేశాను. నిజంగా సిగ్గేసింది. సారీ చెప్పి, ఇంటర్వ్యూ సంగతి వివరించి, బుధవారం ఒంటిగంట నుంచి రెండింటి దాకా కాల్చకుండా ఉండగలరా అనడిగాను. రోజంతా మానేస్తానని ఆయనే అన్నాడు. నేనే వద్దన్నాను! దుప్పుల వేట సీజన్ దగ్గరికొస్తోంది, గురి సరిచూసుకోవాలని పాపం అంతకుముందే చెప్పాడు. పెద్దాయన్ని అంత ఇబ్బంది పెట్టడమెందుకు, ఆ ఒక్క గంట చాలండీ అన్నాను. రెండు దాకా ముట్టను, ఇది మాట అని షేక్‌హ్యాండ్ ఇచ్చాడు.

బుధవారం ఒంటిగంటకి నాకు మీటింగ్. పైన గదిలో తలుపేసుకుని కూర్చున్నాను. బయట ఈగ వాలినా వినపడేటంత నిశ్శబ్దం. నాకు నేనే శభాష్ అనుకున్నాను. రెండయ్యింది, ఇంటర్వ్యూ అయిపోయుంటుంది, అభినందిద్దామని కిందికి దిగాను. లావణ్య నోట్స్ సర్దుకుని, గొంతు సవరించుకుని, అప్పుడే ఫోన్‌లో హలో అంటోంది.

డాలస్. వాళ్ళ ఒంటిగంట మనకి రెండు. ఆమెకి ఆ సంగతి తెలుసు. నేను కనుక్కోలేదు.

కిచెన్‌లో చేతికందిన టవల్ పట్టుకుని వెనక తలుపు తీశాను. ఫెన్స్ దగ్గరికి చేరేలోపే మొదటిది పేలింది. హాలిస్ మాటంటే మాట, నిమిషం కూడా ముందు కాల్చలేదు. వీపు నా వైపు పెట్టుకుని, కన్ను గురి మీద పెట్టుకుని ఉన్నాడు. చెవులకి మఫ్స్. నేను ఫెన్స్ దగ్గర గెంతుతూ టవల్ ఊపుతున్నాను, అరుస్తున్నాను. ఇంకో నాలుగు పేలాయి. చివరికి ఆ ముసలి కుక్క నన్ను చూసి, లేచి, వెళ్ళి ఆయన ప్యాంటు లాగింది. ఆయన తిరిగి చూసి, వాచీ చూసుకుని, చేత్తో రెండు అని చూపించాడు. నేను చేతులు జోడించాను.

ఏడేళ్ళు. వచ్చిన ఒక్క అవకాశం. నేనేం మొహం పెట్టుకుని ఇంట్లోకి వెళ్ళను? వెనక మెట్ల మీదే కూలబడ్డాను. కాసేపటికి లోపల్నుంచి లావణ్య నవ్వు వినిపించింది. మా ఆవిడ అంత గట్టిగా నవ్వి చాలా కాలమైంది, ముందు ఏడుస్తోందనుకున్నాను.

తర్వాత తనే చెప్పింది. అవతల మేనేజర్ ఒక టెక్సస్ ఆవిడ. కష్టమైన క్లయింట్‌ని ఎప్పుడైనా డీల్ చేశారా, ఒక సందర్భం చెప్పండి అని అడిగిందట. సరిగ్గా అప్పుడే మొదటి ఢాం. ఆవిడ కూడా వేటకెళ్ళే మనిషేనట, భయపడకుండా, మీ పక్కింటాయనకి సప్రెసర్, అదే సైలెన్సర్, లేదా అనడిగిందట.

"ఉండేదండీ, మా ఆయన తీయించారు," అందట లావణ్య.

ఇక మొదటి నుంచీ చివరిదాకా మొత్తం చెప్పేసిందట. మేకులు, కిరాయి హంతకుడు, సున్నుండలు, అన్నీ. అవతలివాళ్ళు ఫోన్‌ని స్పీకర్‌లో పెట్టి, పక్క గదిలోవాళ్ళని కూడా పిలిచి విన్నారట. శుక్రవారం ఆఫర్ వచ్చింది. క్లయింట్ల కంప్లైంట్లు చూసే పోస్టు.

హాలిస్‌కి మళ్ళీ సున్నుండలు తీసుకెళ్ళాం, ఈసారి ఇద్దరం కలిసి. దారిలో ఉండబట్టలేక అడిగాను, మరి ఆ ఏడేళ్ళ గ్యాప్ గురించి వాళ్ళేమీ అడగలేదా అని.

"అడిగారండి. గ్యాప్ కాదు, ఒకే క్లయింట్ దగ్గర ఫుల్ టైమ్ చేశానని చెప్పాను. వెరిఫై చేసుకోవడానికి హాలిస్ గారి నంబర్ ఇచ్చాను," అంది.